నంబరు పుస్తకం

నెగెటివ్‌కు నంబరు వేయడం నాకు మా మామ నేర్పారు. 1988లో నేను తిరుత్తణి నుంచి పుత్తూరుకు కోడలిగా వచ్చాను. ఇంట్లో మగపిల్లలకు టచింగ్ బల్ల ముందు గంటలకొద్దీ కూర్చునే ఓపిక లేదు. వాకిట్లో నా ముగ్గు చూసి, "నీ చెయ్యి నిలకడగా ఉండాదమ్మా" అని ఆయన నన్ను కూర్చోబెట్టారు. పెన్సిలు పట్టడం తర్వాతి సంగతి, ముందు నేర్పింది నంబరే. ఫిలిం కడిగి, ఆరబెట్టి, కత్తిరించాక, బొమ్మ లేని అంచు మీద, మందు పూత ఉన్న వైపున, అంకెల్ని తిరగేసి నల్ల ఇంకుతో రాయాలి. అప్పుడే ప్రింటులో అవి సరిగ్గా చదవడానికి వస్తాయి. అదే నంబరును పొడుగాటి రిజిస్టరులోకి ఎక్కించాలి. తేదీ, పేరు, తండ్రి పేరు, ఊరు, సైజు, ఎన్ని కాపీలు, అడ్వాన్సు ఎంత. నెగెటివ్‌ను బటర్ పేపరు కవరులో పెట్టి, కవరు మీద మళ్లీ నంబరు రాసి, బిస్కెట్ల రేకు డబ్బాలో వరసగా నిలబెట్టాలి. రాత్రి షట్టరు దించే ముందు ఆయన అడిగే మాట ఒకటే: "నంబరేసినావా అమ్మా?"

ఫోటో తీయడం ఒక పని. తీసినదాన్ని ఇంట్లోకి తెచ్చి, దానికొక చోటిచ్చి, ఎప్పుడడిగినా చేతికందేలా పెట్టడం ఇంకో పని. చరిత్ర రాసేవాళ్లు మొదటి పని గురించే రాస్తారు. ఏ కెమెరా ఎప్పుడొచ్చింది, ఎవరు ఎవరిని తీశారు అని. ఇవాళ కంప్యూటర్‌లో 'ఇంపోర్ట్' అని కనిపించేది మాత్రం ఈ రెండో పని. మా పక్క స్టూడియోల్లో ఈ రెండో పని సాగిన కాలపు ఫోటోలు మిగిలాయి, ఆగిన కాలపు ఫోటోలు పోయాయి. 1965లో జరిగిన పెళ్లి ఫోటో తీసివ్వగలిగి, 2006లో జరిగిన పెళ్లి ఫోటో ఇవ్వలేని స్టూడియోలు పుత్తూరు, నగరి, నారాయణవనం చుట్టూ నాకు తెలిసినవే ఉన్నాయి. ఇలా ఎందుకు జరిగిందో రాయాలనే ఈ ప్రయత్నం.

ఈ నంబరు పద్ధతి మాకు మద్రాసు నుంచి వచ్చింది. ఫ్రాన్సులో డాగెర్ పద్ధతిని లోకానికి ప్రకటించింది 1839లో. పదిహేడేళ్లకే, 1856లో, మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. అదే ఏడు ప్రెసిడెన్సీ ప్రభుత్వం లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని తన ఫోటోగ్రాఫర్‌గా నియమించింది. ఆయన శ్రీరంగం, తంజావూరు, మదురై, పుదుక్కోట తిరిగి, మైనం పట్టించిన కాగితపు నెగెటివ్‌ల మీద గుళ్లను, కోటలను తీశారు. ఏ బొమ్మ ఎక్కడిదో పేరు రాసి, ఊరివారీగా సంపుటాలు కట్టి 1858లో వెలువరించారు. ఆ తర్వాత గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్‌కు ఇదంతా దండగ ఖర్చుగా తోచి ఆ పని ఆపించారు. కొలువు పోయింది గానీ బొమ్మలు పోలేదు. పేర్లు రాసి ఉన్నాయి కాబట్టే అవి ఏ గుడివో ఇప్పటికీ చెప్పగలుగుతున్నాం. హైదరాబాదు రాజ్యంలో రాజా దీన్ దయాళ్‌దీ ఇదే క్రమశిక్షణ. ఆయన గాజు పలకల మీద నంబరూ పేరూ ఉండేవి. 2,800కు పైగా పలకలు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

మద్రాసు నుంచి రైలు 1862 నాటికే మా మీదుగా రేణిగుంటకు చేరింది. ఆ రైల్లోనే మా మామ చిన్నతనంలో మద్రాసు వెళ్లి, ఒక స్టూడియోలో తొట్లు కడిగే పనికి కుదిరారు. పని నేర్చుకుని తిరిగొచ్చి 1961లో పుత్తూరు స్టేషన్ రోడ్డులో సొంత స్టూడియో పెట్టారు. అంతకు ముందు ఏడాదే, 1960 ఏప్రిల్ 1న, మా పుట్టిల్లు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, పుత్తూరు ఆంధ్రలో మిగిలింది. రాష్ట్రం హద్దు మారినా స్టూడియో సరుకు వచ్చే దారి మారలేదు. బ్రోమైడ్ కాగితం, మెటాల్, హైడ్రోక్వినోన్, హైపో, అన్నీ మద్రాసు నుంచే, రైల్లోనే.

విదేశీ ఫిలిం దిగుమతి మీద కట్టుబాట్లు ఉన్న రోజులవి. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ సంస్థ 1960లో పుట్టినా, అక్కడ తయారీ మొదలైంది 1967లో. 'ఇందు' పేరుతో ఆ సరుకు వచ్చాక కూడా ఫిలింను దుబారా చేసినవాళ్లు మా ఇంట్లో లేరు. 120 సైజు రోల్‌లో చదరపు బొమ్మలు పన్నెండు. పన్నెండింటికీ పన్నెండు నంబర్లు పడేవి. కళ్లు మూసుకున్న బొమ్మకూ నంబరు వేసేవారు. పక్కన 'కళ్లు' అని రాసి పెట్టేవారు. పారేసే హక్కు మనకు లేదనేవారు ఆయన. ఆ మనిషి మళ్లీ వచ్చి కెమెరా ముందు కూర్చుంటాడో లేదో ఎవరికి తెలుసు?

పుత్తూరు ఎండలో ఫిలిం కడగడం ఎంత కష్టమో ఈ తరానికి తెలియదు. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలని పెట్టె మీద అచ్చువేసి ఉండేది. మే నెలలో తొట్టి నీళ్లే ముప్పై దాటేవి. వేడికి జిలటిన్ పూత మెత్తబడి, ఒక్కోసారి ముడతలు పడి ముఖమంతా పగుళ్లు తేలేవి. అందుకని వేసవిలో కడుగుడు పని తెల్లవారుజామున మూడింటికి. కుండ నీళ్లు, చాలకపోతే సోడా అంగడి నుంచి తెచ్చిన ఐసు తొట్టి చుట్టూ పేర్చేవారు. చివర్లో హైపో పూర్తిగా పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడగాలి. మా బావిలో నీళ్లు అడుగంటినప్పుడు ఇంట్లో స్నానాలు తగ్గించుకున్నారు గానీ నెగెటివ్ కడుగుడు తగ్గించలేదు. అరవై ఏళ్లు దాటినా ఆ నెగెటివ్‌లు పసుపు పడకుండా ఉన్నాయంటే కారణం ఆ నీళ్లే.

రిజిస్టరు తిరగేస్తే మా ప్రాంతమంతా అందులో ఉంది. తడుకు, వేపగుంట, నేసనూరు, పరమేశ్వరమంగళం, ఏకాంబరకుప్పం. మగ్గాల మీద పనిచేసే కుటుంబాల పెళ్లి చూపుల ఫోటోలు. తిరుమలలో తలనీలాలిచ్చి తిరుగు ప్రయాణంలో రైలు దిగి, గుండుతో, నుదుట నామంతో తీయించుకున్న పిల్లల ఫోటోలు. ధర్మరాజుల తిరునాళ్లలో నేల మీద మట్టితో చేసిన పొడుగాటి దుర్యోధనుడి బొమ్మ, తపస్సు మాను ఎక్కుతున్న అర్జున వేషధారి, అగ్గిగుండం ముందు పసుపు బట్టల్లో నిలబడ్డ జనం. కొన్ని పేజీల్లో ఊరి పేరు దగ్గర కాంచీపురం, వేలూరు, ఆర్కోణం కనిపిస్తాయి. వాళ్లు ఎముక విరిగి, రాచపాళెంలో పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు. కట్టు విప్పాక, కాలు నేల మీద మోపి నిలబడిన రోజున ఒక ఫోటో తీయించుకుని ఊరికి వెళ్లేవారు. ఆ వరసలో 'కట్టు' అని మా మామ చిన్న గుర్తు పెట్టేవారు. ఎనభైల తర్వాత కువైట్ పాస్‌పోర్టు ఫోటోలు మొదలయ్యాయి. ఇంకొంచెం ముందుకు పోతే, 1993లో ప్రధాన ఎన్నికల కమిషనరు శేషన్ గారి ఆదేశంతో ఓటరు గుర్తింపు కార్డుల పని వచ్చాక, అంతకుముందు ఒక్కసారి కూడా ఫోటో దిగని ముసలివాళ్లు కెమెరా ముందుకొచ్చారు.

వీటన్నిటికంటే ఎక్కువగా ఈ పుస్తకం పనికొచ్చింది చావు రోజున. రాత్రి పదకొండు, పన్నెండుకు తలుపు తట్టేవారు. "అమ్మా, మా నాయనది మీకాడ ఫోటో ఒకటుండాది, ఎతికి పెట్టమ్మా. పొద్దున్నే ఎత్తుబడి." ఏ సంవత్సరమో చెప్పలేరు, పెద్దోడి పెళ్లప్పుడని మాత్రం చెబుతారు. ఆ ఒక్క గుర్తు పట్టుకుని, ఊరి పేరు చూసుకుంటూ పేజీలు తిప్పితే నంబరు దొరికేది. నంబరు దొరికితే డబ్బా, డబ్బాలో నెగెటివ్. పెళ్లి గ్రూపులో వెనక వరసలో నిలబడ్డ మనిషి ముఖాన్ని ఎన్లార్జరు కింద పెద్దది చేసి, పక్కవాళ్ల భుజాల్ని మాస్కు వేసి కప్పి, తెల్లారేసరికి క్యాబినెట్ సైజు ప్రింటు ఆరబెట్టేవాళ్లం. తర్వాత కర్మల రోజుకు ఫుల్ సైజు. దానికి నేను టచింగ్ చేసేదాన్ని. నెగెటివ్ మీద మీడియం పూసి, గరుకు కాగితం మీద సూదిలా చెక్కిన గట్టి పెన్సిలుతో కళ్ల కింద నీడలు తేలిక చేయడం, పెదవుల అంచు సరిచేయడం. చెంప మీద గీత ఎంతవరకు తీయాలి, ఎక్కడ ఆపాలి అన్నది చేతికి తెలియాలి. ఎక్కువ తీస్తే కొడుకు వచ్చి "ఇది మా నాయన కాదు" అంటాడు. ఆ మాట పడకూడదని నాకు ఎప్పుడూ భయం.

ఈ ఏర్పాటు మొదట దెబ్బ తిన్నది రంగుల ఫిలింతో. కంప్యూటర్లు తర్వాత వచ్చాయి, అంతకు పదిహేనేళ్ల ముందే చీలిక పడింది. రంగుల ఫిలిం కడగడానికి 38 డిగ్రీల వేడిని ఒక్క అర డిగ్రీ కూడా తేడా లేకుండా నిలపాలి. అది ల్యాబు యంత్రాల పని, ఇంట్లో తొట్ల పని కాదు. రోల్ తీసి మద్రాసుకు పంపేవాళ్లం, తర్వాత తిరుపతిలోనే ల్యాబులు వచ్చాయి. ప్రింట్లతో పాటు నెగెటివ్‌లు ముక్కలుగా కోసి ప్లాస్టిక్ కవర్లలో వచ్చేవి. ఆల్బమ్ ఇచ్చేటప్పుడు ఆ కవర్లు కూడా పెళ్లివారికే ఇచ్చేయడం వాడుకైపోయింది. వాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్నారు, వాళ్లవి వాళ్లకివ్వడం న్యాయమే. కానీ నెగెటివ్ స్టూడియో దాటిపోయాక నంబరెందుకు? రిజిస్టరులో అడ్వాన్సు, బాకీ మాత్రమే మిగిలాయి. ఇళ్లలో ఆ కవర్లు బీరువా అడుగున చేరాయి, వానాకాలం తేమకు ఒకదానికొకటి అతుక్కున్నాయి, కొన్నింటిని పిల్లలు ఎండలో సూర్యగ్రహణం చూడటానికి వాడారు. మా ఊళ్లో తొంభైల నాటి పెళ్లిళ్లకు ఇప్పుడు రంగు వెలిసిన ప్రింట్లే ఆధారం.

తొంభైలు ముగిసే వేళకు మా స్టూడియోకు కంప్యూటర్, దాని పక్కన బల్లపరుపు స్కానరు వచ్చాయి. ఫోటోషాప్ మొదటిసారి వెలువడింది 1990లో. మా దాకా నిలకడగా చేరింది 2002లో వచ్చిన ఏడో వెర్షన్. ఫైల్ మెనూలో ఇంపోర్ట్ అన్నచోట స్కానరు పేరు కనిపించేది. చిరిగిన పాత ఫోటోను స్కానరు మీద బోర్లించి, అక్కడ నొక్కి లోపలికి తెచ్చేదాన్ని. ఆ వెర్షన్‌లోనే హీలింగ్ బ్రష్ కొత్తగా వచ్చింది. పెన్సిలుతో ఒక పూట పట్టే మచ్చల పని దానితో కాసేపట్లో అయింది. మా మామ వెనక నిలబడి చాలాసేపు చూసి, "బాగుండాది" అన్నారు. తర్వాత అడిగారు: "దీనికి నంబరు ఏడ రాస్తావు?"

అప్పట్లో ఆ ప్రశ్నకు మా వృత్తిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. 2004 తర్వాత డిజిటల్ కెమెరాలు పెళ్లిళ్లకు వచ్చేశాయి. ఇక్కడ ఒక పెద్ద మార్పు జరిగింది, దాన్ని ఆ రోజుల్లో ఎవరూ మార్పుగా చూడలేదు. ఫిలిం ఒకసారి వాడితే అదే శాశ్వతమైన అసలు. కార్డు అలా కాదు, చెరిపి మళ్లీ వాడాలి. 512 ఎంబీ కార్డు ఖరీదైన వస్తువు, రెండో కార్డు ఉన్న ఫోటోగ్రాఫరు గొప్పవాడు. రేపటి పెళ్లి తీయాలంటే ఇవాళ్టి పెళ్లిని కార్డులోంచి తుడిచెయ్యాలి. అసలు ప్రతిని మనమే చెరిపే పద్ధతి మా పక్క స్టూడియోల్లో అదే మొదలు. కాబట్టి కార్డు నుంచి డిస్కుకు దింపే ఆ పది నిమిషాల పనిలోనే పెళ్లి ఫోటోల బతుకంతా ఉంది. ముహూర్తాలు వరసగా ఉన్న నెలలో, మూడు రాత్రులు నిద్ర లేని కుర్రాడి చేతికి ఆ పని వదిలేశారు. "సిస్టమ్‌లో డంప్ చేసేయ్ రా" అనేవారు.

కెమెరాలో ఫైళ్ల పేర్లకు ఒక నియమం ఉంది. 1998లో జపాను తయారీదారులు కలిసి పెట్టుకున్నది. కార్డులో డీసీఐఎం అనే ఫోల్డరు, అందులో నాలుగు గుర్తులు, నాలుగు అంకెల పేర్లు. 9999 అయిపోతే మళ్లీ 0001. అన్ని కంపెనీల కెమెరాలూ, అన్ని యంత్రాలూ ఒకరి కార్డు ఒకరు చదవగలగడం దీనివల్లే సాధ్యమైంది, మంచి నియమం. కానీ ఆ నంబరు మనిషికి పనికొచ్చే నంబరు కాదు. అందులో ఊరు లేదు, పేరు లేదు, మళ్లీ అదే నంబరు వస్తుంది. ఒకే కంపెనీ కెమెరాలు రెండు ఒకే పెళ్లిలో వాడితే ఒకే పేరున్న ఫైళ్లు రెండేసి ఉండవచ్చు. పక్క ఊరి స్టూడియోలో ఒకసారి ఇదే జరిగింది. మొదటి కార్డు దింపిన ఫోల్డరులోకే రెండోది దింపుతుంటే, ఈ పేరుతో ఫైలు ఉంది, దాని మీద రాయమంటావా అని కంప్యూటర్ అడిగింది. కుర్రాడు 'ఎస్ టు ఆల్' నొక్కాడు. తలంబ్రాల ఫోటోల స్థానంలో వంటశాల, బంతి భోజనాల ఫోటోలు కూర్చున్నాయి. కార్డులు అప్పటికే ఇంకో పెళ్లికి వెళ్లిపోయాయి. ఆ పెళ్లివారు కొన్నేళ్లు ఆ స్టూడియో గుమ్మం తొక్కలేదు, వాళ్లను నేను తప్పు పట్టను.

దింపినవాటిని సీడీల మీద రాసేవారు. 'మే పెళ్లి-2' అని మార్కరుతో పైన. ఏ మే, ఎవరి పెళ్లి? తక్కువ రకం సీడీలు కొన్నేళ్లకే చదవడానికి రాకుండా పోయాయి. మిగిలినవి చదివే డ్రైవు ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి లేదు. ఆల్బమ్ డిజైను మాత్రం భారీగా పెరిగింది. 12x36 షీట్లు, కరిజ్మా ఆల్బమ్, పీఎస్‌డీ నేపథ్యాలు, మెరిసే అక్షరాల్లో పేర్లు. డిజైనుకు పెట్టిన శ్రద్ధలో పదో వంతు దింపుకోవడం మీద పెట్టి ఉంటే 2004 నుంచి 2012 దాకా మా ప్రాంతం ఫోటోలు ఇంతగా పోయేవి కావు. ఇది నా గట్టి అభిప్రాయం.

జవాబు సాఫ్ట్‌వేర్ రూపంలో మెల్లగా వచ్చింది. పికాసాను 2004లో గూగుల్ కొని ఉచితంగా ఇచ్చింది. డిస్కులో ఎక్కడెక్కడో ఉన్న ఫోటోలన్నీ తేదీవారీగా కళ్ల ముందు పరిచేది, ముఖాలకు పేర్లు పెట్టనిచ్చేది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు అంతకంటే సులువైనది నేను చూడలేదు. 2016లో దాన్ని ఆపేశారు. అడోబీ లైట్‌రూమ్ 2007 ఫిబ్రవరిలో వచ్చింది. దాన్ని తెరవగానే నాకు మా మామ రిజిస్టరే తెర మీద కనిపించినట్టయింది. నేను ఇప్పుడు మా స్టూడియోలో పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు మొదటి వారమంతా ఒక్క ఇంపోర్ట్ మాత్రమే నేర్పుతాను. రంగులు, చర్మం నునుపు చేయడాలు ఆ తర్వాతే. వాళ్లకు చెప్పేదే ఇక్కడా చెబుతాను, కొత్తగా మొదలుపెట్టేవారికి పనికొస్తుంది.

లైట్‌రూమ్‌లో (ఇప్పటి పేరు లైట్‌రూమ్ క్లాసిక్) కేటలాగ్ అనేది రిజిస్టరు. ఫోటోలు అందులో ఉండవు, అవి డిస్కులో తమ ఫోల్డరులోనే ఉంటాయి. ఏ ఫోటో ఎక్కడుంది, దానికి ఏమేం దిద్దుబాట్లు చేశాం అన్నదే కేటలాగ్‌లో రాసి ఉంటుంది. ఇది తెలియక చాలామంది "ఇంపోర్ట్ చేసేశాను కదా" అని డిస్కులోని ఫోల్డరు చెరిపేస్తారు. తెర మీద చిన్న బొమ్మలు ఇంకా కనబడుతూనే ఉంటాయి, కాబట్టి పోయిన సంగతి చాలాసార్లు ప్రింటు తీసే రోజున గానీ గమనించరు. నెగెటివ్‌ల డబ్బా తగలబెట్టి రిజిస్టరు దాచుకున్నట్టు అది. కేటలాగ్ బ్యాకప్ తీసినా ఫోటోల బ్యాకప్ అయినట్టు కాదు, వాటిని వేరుగా తీయాలి.

కార్డు నుంచి తెచ్చేటప్పుడు 'కాపీ' ఎంచుకోవాలి. ఇప్పటికే డిస్కులో సర్ది ఉన్న పాత స్కాన్లకైతే 'యాడ్' చాలు, అవి కదలకుండా వాటి వివరాలు మాత్రమే కేటలాగ్‌లోకి ఎక్కుతాయి. అదే ఇంపోర్ట్ పేజీలో రెండో డిస్కుకు ఇంకో ప్రతి వెళ్లేలా పెట్టుకునే వీలుంది, అనుమానమున్న నకళ్లను వదిలేయమనే వీలూ ఉంది, రెండూ టిక్కు పెట్టి ఉంచండి. ఫైళ్లకూ ఫోల్డరుకూ పేరు పెట్టే వీలు అక్కడే ఉంది. మేము 2024-05-12-వేపగుంట-పెళ్లి అని ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆ తర్వాత ఊరు రాస్తాం. సంవత్సరం ముందుంటే ఫోల్డర్లు వాటంతటవే వరసలో నిలుస్తాయి. ఫోల్డరు పేరు తర్వాత మార్చాలనిపిస్తే లైట్‌రూమ్‌లోనే మార్చాలి. విండోస్‌లోకి వెళ్లి మారిస్తే కేటలాగ్‌కు దారి తప్పుతుంది, ఫోల్డరు పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తుంది. రెండు డిస్కుల్లోనూ తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్, అదీ కెమెరాలోనే. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేనివారికి డిజీక్యామ్, డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతాయి. ఈ క్రమం వాటిలోనూ పాటించవచ్చు.

ఇంకొకటి, గడియారం. ప్రతి ఫోటో లోపల తీసిన తేదీ, గంట రాసి ఉంటాయి. బ్యాటరీ తీసేసి నెలలు పక్కన పెట్టిన కెమెరాలో గడియారం మొదటికి పోతుంది. అది చూసుకోకుండా తీస్తే నిన్నటి సీమంతం ఏళ్ల వెనక్కి పోయి కూర్చుంటుంది. పెళ్లికి బయల్దేరే ముందు రెండు కెమెరాల గడియారాలూ ఒకటి చేయమని మా పిల్లలకు చెబుతాను. స్కాన్లది దీనికి తలకిందుల సమస్య. 1965 నాటి నెగెటివ్‌ను ఈ ఏడాది స్కాన్ చేస్తే కంప్యూటర్ దాన్ని ఈ ఏడాదిదిగా లెక్కేస్తుంది. అందుకని పాత రిజిస్టరు పక్కన పెట్టుకుని, అసలు తేదీ, పాత నంబరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ చేత్తో ఎక్కిస్తున్నాను. 'కట్టు' అన్న గుర్తు కూడా కీవర్డుగా పెట్టాను. అది కొట్టగానే కాలు బాగై నిలబడ్డ మనుషులంతా ఒకే తెర మీదికి వస్తారు. ఇది మా మామ చూడాల్సింది.

ఇక ఇప్పుడు అందరి చేతిలో ఫోనే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిన్నదైపోతుంది, లోపల రాసి ఉన్న తేదీ పోతుంది. పేరులో కనిపించే తేదీ అది మనకు చేరిన రోజు, తీసిన రోజు కాదు. కాబట్టి ఇంటి వేడుక ఫోటోలు ఎవరు తీశారో వాళ్ల ఫోను నుంచి నేరుగా కంప్యూటర్‌కు తీసుకోండి. గూగుల్ ఫోటోస్ 2015లో మొదలైనప్పుడు కాస్త తగ్గించిన సైజులో ఎన్ని దాచినా ఉచితమన్నారు, 2021 జూన్ నుంచి అది లేదు. ఇంకొకరి ఇంట్లో దాచినదానికి మన ఇంట్లో కూడా ఒక ప్రతి ఉంచుకోవాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది కంప్యూటర్ల సంగతి కాదు. మూతబడ్డ స్టూడియోల నెగెటివ్‌లను వెండి కోసం కొనేవాళ్లు మా పక్క తిరుగుతుంటారు. బ్లాక్ అండ్ వైట్ ఫిలింలో బొమ్మ అంటే వెండే. పాత ఎక్స్‌రేలతో పాటు కిలోల లెక్కన తూచి తీసుకెళ్లి, మందుల్లో ముంచి వెండి రాబడతారు. ఒక ఊళ్లో మూడు తరాల ముఖాలకు వచ్చే డబ్బు ఒక నెల కరెంటు బిల్లుకు కూడా చాలదు. వారసులను నేను తప్పుపట్టడం లేదు. ఇల్లు ఖాళీ చేయాలి, డబ్బాలు అడ్డం, వాటితో ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల స్టూడియోవారికి, వారి పిల్లలకు నా విన్నపం. డబ్బాలు అమ్మకండి. అమ్మక తప్పదనుకుంటే ముందు ఆ ఊరి బడికో, గ్రంథాలయానికో, మాలాంటివాళ్లకో కబురు పెట్టండి. నెగెటివ్‌లతో పాటు రిజిస్టరు కూడా ఇవ్వండి, అది లేకపోతే ఆ ముఖాలు ఎవరివో చెప్పగలిగేవాళ్లు లేరు. చదివేవారికీ ఒక మాట. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారమే పాత ఆల్బమ్ వాళ్ల ముందు పెట్టి, ప్రతి ఫోటోలో ఉన్నదెవరో, ఏ ఊళ్లో తీసిందో అడిగి పెన్సిలుతో వెనక రాయండి. స్కాను తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. పేర్లు చెప్పేవాళ్లు అంతకాలం ఉండరు.